మా సవరణ బయటికి నడిచిన రోజు

అసెంబ్లీ చర్చలు చూసే అలవాటు ఊళ్ళో ఉన్నప్పుడు నాకు లేదు. ఈ జబ్బు కువైట్ వచ్చాకే అంటుకుంది.

సల్వాలో ఒక కువైటీ కుటుంబానికి నేను ఇంటి డ్రైవర్ని. ఇంటి డ్రైవర్ అంటే రోజంతా బండి నడుపుతూ ఉంటాడని మా ఊళ్ళో అనుకుంటారు. నడిపేది తక్కువ, కాచుకుని కూర్చునేది ఎక్కువ. పిల్లలు బడిలో ఉన్నంతసేపూ బడి ముందు, ఇంటావిడ జమియా దుకాణంలో సరుకులు కొన్నంతసేపూ జమియా ముందు, ఆమె వాళ్ళ అక్క ఇంట్లో కబుర్లు చెప్పినంతసేపూ ఆ ఇంటి గోడ నీడలో. ఇంటావిడను మేమంతా మామా అనే పిలుస్తాం, ఆమె నాకంటే చిన్నదైనా సరే. ఏసీ వేసుకుంటే పెట్రోలు ఎందుకు కాలిందని అడుగుతారు, వేసుకోకపోతే మనమే కాలిపోతాం. ఆ కాచుకునే వేళల్లో పక్క బండ్ల డ్రైవర్లు సినిమాలు చూస్తారు, ఇంటికి వీడియో కాల్ చేసి పెళ్ళాంతో పోట్లాడతారు. నేను ఫోన్లో మా రాష్ట్ర అసెంబ్లీ లైవ్ పెట్టుకుంటాను.

మొదట్లో తిట్ల కోసమే చూశాను, దాచుకోవడం దేనికి. రానురాను తిట్లు ఆగిన తర్వాత ఏం జరుగుతుందో కూడా చూడటం మొదలుపెట్టాను. బిల్లు ప్రవేశపెట్టిన రోజు ఎవరికీ పట్టదు. చర్చ జరిగే రోజు ప్రతి సభ్యుడూ లేస్తాడు, బిల్లు తప్ప అన్నీ మాట్లాడతాడు, తన నియోజకవర్గంలో ఆగిపోయిన వంతెన గురించి అడిగి కూర్చుంటాడు. ఆ తర్వాత సభాపతి ఒక్కో క్లాజూ చదువుతాడు. సవరణ ఇచ్చిన సభ్యులను పేరు పెట్టి పిలుస్తాడు. అవుననేవాళ్ళు అవునండి, కాదనేవాళ్ళు కాదనండి అంటాడు. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ అయిపోయి ఉంటాయి. చట్టం నిజంగా తయారయ్యేది ఆ ఖాళీ కుర్చీల ముందే.

మా వీధి డ్రైవర్లు నన్ను ఎమ్మెల్యే అని పిలుస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఎమ్మెల్యే అయితే చర్చ మధ్యలో లేచి కాఫీకి పోవచ్చు. నేను మామా ఎప్పుడు బయటికి వస్తుందో తెలియక, పోవాల్సిన చోటికి కూడా పోకుండా బిగపట్టుకుని కూర్చుంటాను.

ఇదంతా నాకు కాలక్షేపంగానే ఉండిపోయేదే, కానీ ఒకరోజు గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళ సంక్షేమం కోసం సభలో ఒక బిల్లు పెట్టారు. అప్పుడు మా అక్క గుర్తొచ్చింది.

అక్క నాకంటే ముందే కువైట్ వచ్చింది. నన్ను ఇక్కడికి రప్పించిన వీసా కూడా అక్క వాళ్ళనూ వీళ్ళనూ అడిగి సంపాదించిందే. మా అన్నమయ్య జిల్లా వైపు ఇది మామూలే. ముందు ఇంట్లో ఆడమనిషి వస్తుంది, ఆమె కొంగు పట్టుకుని మగవాడు వస్తాడు. అక్క మొదట పనిచేసిన ఇంట్లో ముసలి మామా మంచిది. ఆవిడ పోయాక కోడలి చేతికి పెత్తనం వచ్చింది, ఆ చేతికి దెబ్బ కొట్టడం కూడా వచ్చింది. ఒక మధ్యాహ్నం చెత్త సంచి పట్టుకుని గేటు దాటిన అక్క మళ్ళీ లోపలికి పోలేదు. పారిపోయిందని కఫీల్, అంటే ఆమె వీసా యజమాని, కేసు పెట్టాడు. పోతూ పోతూ బంగారు గాజు ఎత్తుకుపోయిందని ఇంకో కేసు. ఇక్కడ ఉండేందుకు ఇచ్చే ఇఖామా రద్దయిపోయింది. అలాంటివాళ్ళను మనవాళ్ళు ఖల్లివల్లి అంటారు. వినడానికి ఏదో ఆట పేరులా ఉంటుంది.

ఆ తర్వాత ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంటివాళ్ళు ఆమెను పనికి పెట్టుకున్నారు. వాళ్ళు కొట్టరు, తిట్టరు. ఇఖామా లేని మనిషి కాబట్టి గేటు దాటనివ్వరు. ప్రభుత్వం అప్పుడప్పుడూ క్షమాభిక్ష ప్రకటిస్తుంది, కాగితాల్లేనివాళ్ళు ఆ గడువులో జరిమానా లేకుండా ఊరికి పోవచ్చు. దొంగతనం కేసు ఉన్నవాళ్ళకు మాత్రం అది వర్తించదు. కేసు తీయించాలంటే వకీలు కావాలి. వకీలు వకాలతు రాయించుకోవాలంటే ముందు అడిగేది ఇఖామానే. ఈ చక్రంలో మా అక్క ఏళ్ళ తరబడి తిరుగుతోంది.

తిరగడం అని ఊరికే అంటున్నాను గానీ, ఆమెకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ ఇంట్లో పైకీ కిందకీ మెట్లే మెట్లు. దిగేటప్పుడు వెనక్కి తిరిగి, నడక నేర్చుకునే పిల్లల్లాగా ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగుతుంది. ఊళ్ళో బావ సైకిల్ షాపు పెట్టుకుని ఒంటరిగా వండుకు తింటున్నాడు. రోజూ ఫోన్ చేస్తాడు గానీ ఎప్పుడొస్తావని అడగడం మానేశాడు, ఏం కూర చేసుకున్నాడో చెప్పి పెట్టేస్తాడు. అక్క కోరిక పెద్దదేం కాదు. ఒకసారి నాతో అంది.

"ఇంగ జబ్బు పడేదేదో మనూర్లోనే పడతా రా. ఈడ పడితే నొప్పి యాడుందో చెప్పేదానికి కూడా అరబ్బీ ఎతుక్కోవాల."

ఆ బిల్లు కాపీ వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చింది. ప్రభుత్వ తెలుగు, ఒక్కో వాక్యం చదవడానికి ఒక్కో చాయ్ పట్టేది. తిరిగి వచ్చినవాళ్ళకు వైద్యం అన్నారు. కువైట్ లాంటి చోట్ల ఒక సహాయ కేంద్రం, అందులో కేసులు చూసేందుకు ఒక వకీలు అన్నారు. ఇక్కడ చనిపోయినవాళ్ళ శవాలను ఊరికి చేర్చడం అన్నారు. వకీలు అన్న మాట దగ్గర ఆగి, ఆ వాక్యం మళ్ళీ చదివాను. ప్రభుత్వమే పెట్టే వకీలు ఇఖామా అడక్కుండా అక్క కేసు పట్టుకుంటాడు, గాజు సంగతి తేల్చేస్తాడు, అక్క విమానాశ్రయంలో తన కాళ్ళ మీద నడిచి లోపలికి పోతుంది. ఈ సినిమా అంతా నేను బండిలోనే చూసేశాను.

తర్వాత వెనక్కి పోయి రెండో క్లాజు చదివాను. ఈ చట్టంలో కార్మికుడు అంటే చెల్లుబాటయ్యే వీసా, నివాస అనుమతి ఉన్న వ్యక్తి అని అందులో రాశారు. అక్కకు ఫోన్ చేసి చెప్పాను. గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఇఖామా ఉండేటోళ్ళకు ఆపీసెందుకురా. లేనోళ్ళకే కదా కావాల్సింది."

ఇంత సులభమైన మాట రెండో క్లాజు రాసినవాళ్ళకు ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బహుశా తట్టే ఉంటుంది.

బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపారు. అన్ని పార్టీల సభ్యులూ కొందరు కూర్చుని, అధికారులను పిలిచి, సంబంధించినవాళ్ళ మాట విని, సభకు నివేదిక ఇస్తారు. అసెంబ్లీలో నాకు అన్నిటికంటే గౌరవం ఉన్న పని ఇదే. కెమెరా ఉండదు కాబట్టి అక్కడ మనుషుల్లాగా మాట్లాడుకుంటారని నా నమ్మకం. ఆ కమిటీ గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ మాట కూడా వీడియోలో వింటామంది. కువైట్‌కు ఒక శుక్రవారం పొద్దున ఇచ్చారు. ఇక్కడి మన తెలుగువాళ్ళ సంఘం ఒకటి ఫర్వానియాలో హాలు మాట్లాడింది.

అక్కను తీసుకుపోవాలని నేను పట్టుబట్టాను. వాళ్ళ మామాను బతిమాలాను, మా మామాను బతిమాలాను, ఇద్దరు మామాలూ ఒప్పుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత అక్క చీర కట్టింది. పనిమనిషి గౌనులోనే చూసి చూసి, గేటు దగ్గర ఎవరో అనుకున్నాను. దారిలో పోలీసు బండి కనపడినప్పుడల్లా కొంగు తల మీదికి లాక్కుంది. మిగతా దారంతా చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంది. కేసు సంగతి ముందు చెప్పాలా, మోకాళ్ళ సంగతి ముందు చెప్పాలా అని అడిగింది. కేసు ముందు అన్నాను. వింటారా అంది. వినడానికే కదా పిలిచారు అన్నాను.

హాల్లో పెద్ద టీవీ పెట్టారు. అందులో కమిటీ అధ్యక్షుడు, సభ్యులు, వెనక ఎవరో ఫైళ్ళు సర్దుతూ కనిపించారు. మన సంఘం అధ్యక్షుడు మైకు పట్టుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. శవాల పెట్టెలతో ఎన్నోసార్లు విమానాశ్రయానికి తిరిగిన మనిషి. కానీ మైకు చేతికి వస్తే మనవాళ్ళకు పెళ్ళి పందిరి గుర్తొస్తుంది. వేదిక మీద ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ పరిచయం చేశాడు. ఒక్కొక్కరూ లేచి కమిటీకి నమస్కారం పెట్టి, ఇంత చారిత్రాత్మకమైన బిల్లు తెచ్చినందుకు ధన్యవాదాలు చెప్పి, తమ ఊరి పేరు చెప్పి కూర్చున్నారు. ఆ తర్వాత సన్మానం. కమిటీ అధ్యక్షుడికి కప్పాలని శాలువా తెచ్చారు. ఆయనేమో సముద్రానికి అవతల ఉన్నాడు. ఏం చేయాలో తోచక శాలువాను టీవీకి కప్పారు. కమిటీ ముఖాలు సగం మూసుకుపోయాయి. చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీశారు, శాలువా తీయడం ఎవరికీ గుర్తు రాలేదు. నేను పోయి తీశాను. లోపల కమిటీ అధ్యక్షుడు చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఆయనకు కూడా నచ్చినట్టే ఉంది.

అక్క గోడ పట్టుకుని మైకు దగ్గరికి నడిచేసరికి ఆయన కాగితాలు ముడుస్తున్నాడు. సమయం అయిపోయిందని, సౌదీవాళ్ళు లైన్లో ఉన్నారని, మిగతావాళ్ళు తమ అభిప్రాయాలను రాతపూర్వకంగా పంపవచ్చని అన్నాడు. అప్పుడు ఆ టీవీలో ఒక మూల కూర్చున్న సభ్యుడు, మా ప్రాంతం ఆయన, ఆ అమ్మను ఒక్క మాట చెప్పనివ్వండి అన్నాడు. అందరూ అక్క వైపు తిరిగారు. దారంతా వల్లె వేసుకున్న కేసూ మోకాళ్ళూ ఏమైపోయాయో తెలియదు.

"సార్, ఇఖామా లేనోళ్ళను గూడా మనుషుల్లో కలపండి సార్," అంది.

అంతే, లైను తెగిపోయింది. సౌదీకి కలిపారేమో.

తిరుగు దారిలో అక్క ఏడుస్తోందేమో అనుకుని అద్దంలో చూశాను. ఏడవడం లేదు. ఆ మూల కూర్చున్న సారు ఎవరు అని అడిగింది.

కమిటీ నివేదిక వచ్చింది. అందులో మా సంగతి ఒక పేరాలో ఉంది. విదేశంలో అక్రమంగా ఉన్నవారి విషయం కేంద్ర ప్రభుత్వ పరిధిలోనిది, రాష్ట్రం అందులో జోక్యం చేసుకోజాలదు, కనుక రెండో క్లాజు యథాతథంగా ఉంచవచ్చు అని రాశారు. వీసా కేంద్రానిది, ఎంబసీ కేంద్రానిది, కఫీల్ కువైట్‌వాడు. ఇవన్నీ తీసేస్తే రాష్ట్రానికి మిగిలేది మనుషులం మేమే. మమ్మల్ని కూడా పరిధి దాటించేశారు. కానీ చివర్లో ఆ మూల సభ్యుడి అసమ్మతి పత్రం ఉంది. ఇఖామా గడువు తీరినవారిని, కేసుల్లో చిక్కుకున్నవారిని కూడా కార్మికులుగా చూడాలని రాశాడు. సభలో సవరణ కూడా ఇచ్చాడు. నేను ఎవరి ద్వారానో ఆయన నంబరు సంపాదించి వాయిస్ మెసేజ్ పెట్టాను. తప్పకుండా మాట్లాడతాను తమ్ముడూ అని జవాబు వచ్చింది. ఆ మెసేజ్ అక్కకు వినిపిస్తే మళ్ళీ పెట్టమంది.

ఆ వారమే అక్క కార్టన్ కట్టడం మొదలుపెట్టింది. గల్ఫ్ నుంచి ఊరికి పోయేవాళ్ళు ముందుగా సామాన్లు కార్గోలో పంపిస్తారు, మనిషి తర్వాత పోతుంది. జమియా నుంచి నేనే ఖాళీ అట్టపెట్టె తెచ్చిచ్చాను. బావకు దుప్పటి, తలనొప్పి మందు సీసాలు, పాలపొడి డబ్బాలు, వాళ్ళ మామా పిల్లలు వాడి వదిలేసిన గొడుగు. పెట్టె మీద ఊరి పేరూ బావ పేరూ పెద్ద అక్షరాలతో నాతో రాయించింది. పంపేవాళ్ళ పేరు దగ్గర ఆగిపోయాను. కార్గోవాళ్ళు కూడా ఇఖామా చూస్తారు. నీ పేరే రాయి అంది. రాశాను. ఇంత తొందరపడకు అక్కా అని చెప్పాలనుకున్నాను. ఆమె టేపు చింపుతూ కూనిరాగం తీస్తుంటే నోరు రాలేదు.

చర్చ జరిగిన రోజు పొద్దున మామాను జమియా దగ్గర దింపి, ఎండ తగలని చోటు దొరక్క ఎండలోనే బండి పెట్టాను. ఊళ్ళో అప్పటికే మధ్యాహ్నం అవుతోంది. ఫోన్‌ను స్టీరింగుకు ఆనించుకున్నాను. ఒక్కో సభ్యుడూ లేచి మా గురించి మాట్లాడాడు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఒకాయన మేమంతా ఎడారిలో ఒంటెలు కాస్తున్నామన్నాడు. ఇక్కడ వఫ్రా తోటల్లో గొర్రెలు కాసేవాళ్ళు ఉన్నారు, నిజమే. కానీ ఇళ్ళల్లో వంట చేసేవాళ్ళ మాట ఒక్కరూ ఎత్తలేదు. తల్లి పాట పాడినాయన కూడా ఒకరున్నారు. మా సభ్యుడు మాత్రం ఏమీ మాట్లాడకుండా ముందున్న కాగితం చూసుకుంటూ కూర్చున్నాడు. ఆయన తన వంతు కోసం ఆగుతున్నాడని నాకు తెలుసు. సవరణ క్లాజు దగ్గర వస్తుంది. నాకు సంతోషంగానే ఉంది.

మంత్రి జవాబు చెప్పడానికి లేచాడు. రాష్ట్రానికి ఉన్న పరిమితులు చెప్పాడు. మా సభ్యుడు కూర్చున్న ప్రతిపక్షం వైపు నుంచి ఎవరో అడ్డు తగిలితే విసుగొచ్చి, వాళ్ళను మేమేమీ విమానం ఎక్కించి పంపలేదు కదా అన్నాడు. అంతే, సభ భగ్గుమంది. మా సభ్యుడే అందరికంటే ముందు లేచాడు. పొట్ట చేత పట్టుకుని పోయిన మా బిడ్డలను ఇంత మాట అంటారా, క్షమాపణ చెప్పాల్సిందే అన్నాడు. అలా అడుగుతుంటే ఆయన గొంతు నిజంగానే జీరబోయింది. మంత్రి చెప్పనన్నాడు. గల్ఫ్ సోదరుల ఆత్మగౌరవం కోసం మేం సభ నుంచి వాకౌట్ చేస్తున్నాం అని వాళ్ళ నాయకుడు ప్రకటించాడు. అందరూ లేచారు. మా సభ్యుడు కూడా కాగితాలు చంకలో పెట్టుకుని, నినాదాలు చేస్తూ బయటికి నడిచాడు.

నాకు ఒళ్ళు పులకరించింది. అబద్ధమెందుకు, మా కోసం ఒక సభలో ఎవరైనా లేచి నిలబడటం నేను చూడటం అదే మొదలు. పక్క బండిలో ఉన్న జగిత్యాల అతను, తనది వేరే రాష్ట్రమైనా, అదే చూస్తున్నాడు, అద్దం దించి బొటనవేలు చూపించాడు.

అప్పుడు సభాపతి, ఇప్పుడు క్లాజుల వారీగా పరిశీలనకు వెళ్దాం అన్నాడు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. సవరణ ఇచ్చినవాడే లేచి ప్రతిపాదించాలి. పేరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే ఆ సవరణ లేనట్టే. వెంటనే ఆయన నంబరుకు చేశాను. మోగింది, తీయలేదు. మళ్ళీ చేశాను. ఫోన్లోనే ఒక వార్తా చానల్ పెట్టి చూస్తే అసెంబ్లీ బయట మైకుల ముందు నిలబడి ఉన్నాడు. గల్ఫ్ కార్మికుల కన్నీళ్ళు ఈ ప్రభుత్వానికి కనపడటం లేదంటున్నాడు. ఆయన జేబులో నా కాల్ మోగుతూనే ఉండి ఉంటుంది. మళ్ళీ సభ పెట్టాను. మొదటి క్లాజు ఆమోదం పొందింది. లోపలికి పో సారూ, లోపలికి పో అని నేను తెలుగులో, అరబ్బీలో, చివరికి హిందీలో కూడా అన్నాను. ఎండకు అద్దాలు మూసుకున్న బండిలో ఒక్కడినే కూర్చుని, అంత దూరంలో ఉన్న సభ తలుపు తట్టాలని చూస్తున్నాను.

సభాపతి మా సభ్యుడి పేరు చదివాడు. తల ఎత్తి చూశాడు. సభ్యుడు సభలో లేరు, సవరణ ప్రతిపాదించలేదు అన్నాడు. రెండో క్లాజుకు అనుకూలంగా ఉన్నవారు అవునండి అన్నాడు. అవును అన్నారు. మొత్తం కలిపితే నేను ఒకసారి ఊపిరి తీసి వదిలేంత సేపు కూడా పట్టలేదు.

ఆ తర్వాత శవాల క్లాజు వచ్చింది. అప్పుడు మంత్రి తనంతట తానే లేచాడు. ఇందాక నోరు జారినందుకు మనసులో ఏదో ఉందేమో, గొంతు తగ్గించి మాట్లాడాడు. చనిపోయినవారి విషయంలో వీసా, అనుమతి లాంటి ఏ పత్రాలూ అడగకూడదని, మానవతా దృక్పథంతో ఈ మార్పు తానే ప్రతిపాదిస్తున్నానని అన్నాడు. సభ్యులు బల్లలు చరిచారు. ఒకాయన చనిపోయినవాళ్ళకు నివాళిగా అందరం ఒక నిమిషం నిలబడదామంటే నిలబడ్డారు. కాసేపటికి బిల్లు ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

మామా ట్రాలీ తోసుకుంటూ వచ్చి అద్దం మీద కొట్టింది. యల్లా, పద అంది. సరుకులు డిక్కీలో పెడుతుంటే నా ముఖం చూసి, మీ వాళ్ళెవరైనా పోయారా అని అడిగింది. మంచి మనిషే. నాకు తెలిసిన అరబ్బీలో చెప్పాను. మా మజ్లిస్‌లో, అంటే అసెంబ్లీలో, మా కోసం ఒక మాట అడగాల్సిన మనిషి, అడిగే వేళకు లేచి బయటికి పోయాడని. ఎందుకు పోయాడంది. మా కోసమే పోయాడని చెప్పాను. నా అరబ్బీలో ఏదో తప్పుందనుకుని మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. ఖలాస్, ఇక చాల్లే అని ఏసీ పెంచమంది.

సాయంత్రానికల్లా గ్రూపులన్నీ ఆ వాకౌట్ వీడియోతో నిండిపోయాయి. సభ్యుడి ఫొటో వెనక సింహం బొమ్మ పెట్టారు. ఈసారి కువైట్ వస్తే ఘనంగా సన్మానం చేయాలని సంఘంవాళ్ళు తీర్మానించారు. సవరణ పడిపోయింది, ఇఖామా లేనివాళ్ళు చట్టంలో లేరు అని నేను రాశాను. దాని కింద ఎవరో నెగెటివ్‌గా మాట్లాడొద్దు అన్నా అని పెట్టారు. దానికి చాలా లైకులు వచ్చాయి. తర్వాత నా మాట ఎక్కడో పైకి పోయి కనపడకుండా పోయింది.

సభ్యుడే నాకు తిరిగి ఫోన్ చేశాడు, అది ఆయన మంచితనం. సవరణ సంగతి ఎత్తగానే, చుట్టూ ఉన్నవాళ్ళకు దూరంగా లేచి వెళ్ళినట్టు చప్పుడైంది. మరిచిపోలేదని నాకు అర్థమైంది.

"ఏం చేస్తాం తమ్ముడూ, పార్టీ నిర్ణయం. అందరూ లేసి పోతాంటే నేనొక్కడ్నే కూర్చుంటే, గల్ఫోళ్ళను తిడితే కూడా కదల్లేదు అంటారు మీరే."

అది కూడా నిజమే. అనేవాళ్ళం. వచ్చే సమావేశాల్లో మళ్ళీ చూద్దామన్నాడు. ఒకసారి చట్టమయ్యాక మళ్ళీ ఎవరు తెరుస్తారని అడిగితే, చూద్దాంలే అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. కోపం వస్తే కొంచెం తేలికగా ఉండేది. మంత్రి మీద తెచ్చుకుందామంటే, శవాల క్లాజు దగ్గర ఆయన గొంతు గుర్తొస్తుంది. సంఘంవాళ్ళ మీద, మా మీద, ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక ఊరికే నీరసపడిపోయాను. అందరూ మా పక్షమే. అయినా అక్క బయటే ఉండిపోయింది.

రెండు రోజులు ఆమె ఫోన్ చేసినా నేను తీయలేదు. చివరికి ఎలాగూ తప్పదని మామాను వాళ్ళ అక్క ఇంట్లో దింపి, అక్కడి నుంచి ముబారక్ అల్ కబీర్ పోయాను. అక్క వెనక గేటు తీసింది. లోపల పక్కనే కార్టన్ ఉంది, టేపు బిగించి, తాడు కూడా కట్టేసి ఉంది. వాళ్ళ ఇంట్లో వంట చేసే ఇంకొకామె ఫోన్లో వాకౌట్ వీడియో చూసిందట. మన సారు భలే అరిచినాడంట కదా అంది, ముఖం వెలిగిపోతూ.

అరిచాడు అన్నాను.

అయితే నేను ఆ చట్టంలో ఉన్నానా అని అడిగింది.

లేవని చెప్పాను. ఎందుకు లేదో కూడా చెప్పాను. పేరు పిలిచే వేళకు ఆయన మన కోసం బయట అరుస్తున్నాడని. ఆమె గేటు కమ్మీ మీద పెయింటు ఊడిన చోట గోరుతో గీకుతూ నిలబడింది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే ఆస్పత్రి దాకా చంకనెత్తుకుపోయిన మనిషి ఆమె. నేను ఒక బండి డ్రైవర్ని అయి ఉండి, ఆమెను విమానాశ్రయం దాకా తీసుకుపోలేను.

కార్టన్ ఏం చేయమంటావని అడిగాను.

"పంపీ రా. దానికి నీ ఇఖామా ఉండాది, అది పోతాది," అంది.

ఎత్తి డిక్కీలో పెట్టాను. తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఏదో ఆలోచిస్తూ ఉంది. ఆ చనిపోయినవాళ్ళను ఊరికి చేర్చే సంగతి సభలో చదివారంట, అది ఎవరికి అని అడిగింది. ఆ వీడియో చూసినామె చెప్పినట్టుంది. అందరికీ అన్నాను. ఇఖామా లేకున్నానా అంది. లేకున్నా అన్నాను. కేసు ఉన్నానా అంది. నేల వైపు చూస్తూ, కేసు ఉన్నా అన్నాను.

"అయితే నేనూ ఉండానులే అందులో," అంది.

నేను తల ఎత్తేలోగా గేటు వేసేసి, గోడ పట్టుకుని లోపలికి నడిచింది.